ఖాళీ చిలక్కొయ్య

మూడోసారి గీకేసరికి నెత్తురు వచ్చింది. అది రోజూ వచ్చేదే కాబట్టి ఆయన ఆగలేదు. నేల మీద పరిచిన పాత వార్తాపత్రిక మీదికి మరికాస్త వంగి, పేనుదువ్వెనను చెవి వెనక నుంచి నడినెత్తికి తోశాడు. వెండి రంగు పొలుసులు, చిటికెన వేలి గోరంతవి, పత్రిక మీద రాలాయి. పొలుసు ఊడిన చోటల్లా ఎర్రటి చర్మం, దాని మీద ఆవగింజంత నెత్తుటి చుక్కలు. ఎదురుగా నిలువుటద్దం ఉన్నా ఆయన అందులోకి చూడడు. నలభై ఏళ్లకు పైగా చేత్తో తడుముకుని చేస్తున్న పనికి కళ్లతో అవసరం లేదు.

విగ్గుల గది తలుపు గడియ వేసి ఉంది. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. ఉదయం ఏడున్నరకి నాటకశాలలో ఊడ్చేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. అయినా మధ్యమధ్యలో దువ్వెన ఆపి, వరండాలో అడుగుల చప్పుడేమైనా ఉందా అని విన్నాడు. గోడవారగా పొడవాటి బల్ల మీద ఇరవై రెండు చెక్క తలలు విగ్గులు పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నాయి. వాటికి కళ్లు లేవు. ఆయనకు ఈ లోకంలో అందరికన్నా నచ్చిన జనం వాళ్లే.

పని అయ్యాక పత్రికను నాలుగు మడతలు, ఆపైన ఎనిమిది మడతలు పెట్టి, జిగురు కాచే చిన్న పొయ్యిలో వేశాడు. అది పూర్తిగా బూడిదయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు. తలకి నూనె అద్దుకుని, టోపీ పెట్టుకుని, వెనక నాడా బిగించి ముడి వేశాక గాని తలుపు గడియ తీయలేదు.

ఆ టోపీ సంగతి చెప్పకపోతే ఆయన సంగతి చెప్పినట్టు కాదు. నీలం గుడ్డ, ఆరు ముక్కలు, లోపల మెత్తటి అస్తరు. ముందు నుదురు సగం దాకా, పక్కల చెవుల పైభాగం దాకా దిగుతుంది. తన చేత్తో తనే కుట్టుకుంటాడు. ఎండైనా వానైనా, జ్వరమొచ్చి మంచాన పడినా అది నెత్తి మీద నుంచి దిగదు. అందుకే నాటక సంస్థలో చిన్నా పెద్దా అంతా ఆయన్ని టోపీ బాబాయి అంటారు. అసలు పేరును ఆయన కూడా అప్పుడప్పుడూ గుర్తు చేసుకోవలసి వచ్చేది.

గదిలో తలుపు పక్క గోడకి పన్నెండు చిలక్కొయ్యలు ఉన్నాయి. విగ్గు పెట్టించుకోవడానికి వచ్చినవాళ్లు తమ టోపీలూ, తలగుడ్డలూ, రిబ్బన్లూ ముందు అక్కడ తగిలించాలి. అది టోపీ బాబాయి పెట్టిన నియమం. మహారాజు వేషమైనా బంటు వేషమైనా మినహాయింపు లేదు. ఎవరి చిలక్కొయ్య వాళ్లది. ఎవరిదో తెలియడానికి పైన రంగుతో బొమ్మ వేసి ఉంటుంది. హీరోది కిరీటం, విలన్‌ది మీసం, హాస్యగాడిది పళ్లికిలించిన నోరు. పన్నెండోదాని పైన చిన్న టోపీ బొమ్మ ఉంది. ఆయన కొత్తగా చేరిన ఏడాది దర్శకుడు వేళాకోళానికి వేసిన బొమ్మ అది. "అందరి టోపీలూ తీయించే మనిషి తన టోపీ ఎప్పుడు తగిలిస్తాడో చూద్దాం" అన్నాడు అప్పట్లో. ఆ బొమ్మ రంగు వెలిసిపోయింది గాని దాని కింద కొయ్యకి ఇంతవరకూ దుమ్ము తప్ప ఏమీ తగల్లేదు.

ఇంకో వేళాకోళం కూడా ఉంది. అది ఆయనకొక్కడికే తెలుసు. తలల గురించి ఆ సంస్థలో ఎవరికి ఏం కావాలన్నా ఆయన్నే అడుగుతారు. హీరో భుజాల మీద పిండి చల్లినట్టు రాలితే, "ఇది మామూలు చుండ్రు బాబూ. నూనె తగ్గించండి. మందుల షాపులో చుండ్రు షాంపూ అడిగి, వారానికి రెండుసార్లు రుద్దుకోండి. రుద్దగానే కడిగెయ్యకండి, అయిదు నిమిషాలు నురగ అలాగే ఉంచండి" అని చెప్పేది ఆయనే. దర్శకుడికి పసుపుపచ్చగా, జిడ్డుగా అంటుకునే రకం. తలలోనే కాదు, కనుబొమల్లోనూ ముక్కు పక్కలా కూడా పొట్టు లేస్తుంది, నిద్ర చాలకపోతే ఎక్కువవుతుంది. హీరోయిన్‌కి నుదుటి అంచున మాత్రమే దురద. అది జిగురు పడక. ఆ మాట చెప్పి ఆమెకు జిగురు మాని పిన్నులు మొదలుపెట్టాడు. వేళ్లతో ఒకసారి తడిమితే చాలు, ఎవరి నెత్తిన ఏముందో చెప్పేస్తాడు. తన నెత్తిన ఏముందో మాత్రం పద్నాలుగో ఏట ఎవరో చెప్పారు, ఆయన నమ్మేశాడు.

అప్పుడు ఆయన హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. అయిదారుగురు పిల్లల తలల్లో గుండ్రంగా జుట్టు ఊడటం మొదలైంది. వార్డెన్ అందరినీ వరండాలో వరసగా నిలబెట్టి, బెత్తంతో జుట్టు పాయలు తీస్తూ చూశాడు. గుండ్రటి మచ్చలున్నవాళ్లని ఒకవైపు నిలబెట్టాడు. ఈయన తలలో ఉన్నవి గుండ్రటి మచ్చలు కావు, మందపాటి పొలుసులు. వార్డెన్‌కి ఆ తేడా అక్కర్లేకపోయింది. "వీడిది అన్నిటికన్నా ముదిరిపోయింది. వీడి నుంచే అందరికీ అంటింది" అన్నాడు. అందరికీ గుండు గీయించారు. మిగతావాళ్లకి రెండు నెలల్లో నయమై జుట్టు వచ్చింది. ఈయనకి నయం కాలేదు. వేరే కంచం, వేరే బకెట్టు, వరండా చివర వేరే చాప. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. వంగి ఏదైనా అందిస్తే మాత్రం తీసుకోకుండా, కింద పెట్టమని చెప్పేవాళ్లు.

ఆ తరవాత కంచం, దుప్పటి, దిండు ఆయనే వేరుగా పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇంకెవరూ చెప్పవలసిన పని లేకపోయింది. విగ్గు కింద వేసుకునే నూలు లోటోపీని ఒక్కొక్కరికీ విడిగా కుట్టి, అంచున ఒక్కొక్కరికీ ఒక్కో రంగు దారం వేసి, ఆట అయ్యాక మరిగే నీళ్లలో ఉడకబెట్టేవాడు. ఈ శుభ్రం చూసి దర్శకుడు పదిమందిలో మెచ్చుకునేవాడు. ఆ మెప్పు ఆయన గొంతు దిగేది కాదు. తన నుంచి వాళ్లకి అంటకుండా చేస్తున్న కాపలాని వాళ్లు పనితనం అనుకుంటున్నారు.

పెళ్లి మాట కూడా ఒకసారి వచ్చినట్టే వచ్చింది. బృందగానంలో పాడే ఒకామె ఏ పనీ లేకపోయినా వచ్చి చెక్క తలలకి జడలు అల్లుతూ కూర్చునేది. ఒక మధ్యాహ్నం వెనక నుంచి వచ్చి, నవ్వుతూ టోపీ లాగబోయింది. ఆయన మణికట్టు పట్టుకుని ఆపాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే ఆమె నవ్వు ఆగిపోయింది, గాజు ఒకటి పగిలింది. ఆ ఏడాది చివర్లో ఆమె వేరే సంస్థకి వెళ్లిపోయింది.

ఇవాళ ఆయన చేతులు యథాప్రకారం పని చేస్తున్నాయి గాని మనసు మాత్రం బల్ల చివరనున్న చిన్న చెక్క తల దగ్గరే ఉంది. దాని మీద అద్దెకి తెచ్చిన ఉంగరాల జుట్టు విగ్గు, యువరాజుది. ఆ వేషం వేసేది తొమ్మిదేళ్ల పిల్ల. దుస్తుల గది చూసుకునే సూదక్క కూతురు. సూదక్క భుజం మీద గుడ్డలో ఎప్పుడూ నాలుగు సూదులు గుచ్చి ఉంటాయి కాబట్టి ఆమెకా పేరు. పిల్లని రంగస్థలం దిగాక కూడా అందరూ యువరాజు అనే పిలుస్తారు. "యువరాజూ, ముక్కు తుడుచుకోవే" అంటుంది తల్లి. అది కూడా దర్జాగానే తుడుచుకుంటుంది.

మూడు వారాల కిందట, ఆటకి గంట ముందు విగ్గు పెడుతూ, పిల్ల నెత్తిన కుడిపక్క ఆయన వేలికి గరుకుగా తగిలింది. పాయ తీసి చూశాడు. రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ. అంచు కాస్త ఎర్రగా, లేచి ఉంది. మధ్యలో బూడిద రంగు పొట్టు. అక్కడి వెంట్రుకలు ఊడలేదు, చర్మం దగ్గరికి విరిగిపోయి నల్లటి చుక్కల్లా మిగిలాయి. చూడగానే ఆయనకు హాస్టల్ వరండా గుర్తొచ్చింది. తామర. చుండ్రు కాదు, జిగురు పడకపోవడం కాదు. పిల్లల తలల్లో వచ్చేది, ఒకరి నుంచి ఒకరికి అంటేది. ఆ సంస్థలో దాన్ని గుర్తుపట్టగలిగినవాడు ఆయన ఒక్కడే.

ఆ క్షణాన తలుపు తీసి పక్క గదిలోకి ఒక్క కేక వేస్తే సరిపోయేది. కానీ చెబితే డాక్టర్ని పిలుస్తారు. డాక్టర్ వస్తే అందరి తలలూ చూడాలంటారు. అందరినీ వరసగా నిలబెడతారు. ఇక్కడిదాకా ఆలోచించేసరికే ఆయన పాయ మూసేశాడు. అంతకన్నా లోపల ఇంకో మాట ఉంది: ఈ పిల్లకి అంటించింది తనేనేమో. ఎన్ని లోటోపీలు ఉడకబెట్టినా ఆఖరికి తన చేతుల నుంచే అంటిందేమో.

"ఏంటి తాతా?" అంది పిల్ల.

"ఏం లేదమ్మా. చిన్న పొక్కు. గోకకు. నేను మందు రాస్తాను, తగ్గిపోతుంది" అన్నాడు. కాసేపాగి, "అమ్మకి చెప్పకు. ఊరికే కంగారు పడుతుంది" అన్నాడు.

ఆ సాయంత్రమే మందుల షాపులో తామర మలాం ఒక ట్యూబు కొన్నాడు. రోజూ ఆటకి ముందు కాస్త రాసేవాడు. మచ్చ కనిపించకుండా పిల్లకి ఒక టోపీ కుట్టిచ్చాడు. నీలం గుడ్డ, ఆరు ముక్కలు, లోపల మెత్తటి అస్తరు, వెనక నాడా. అచ్చంగా తనలాంటిదే. పిల్ల మురిసిపోయింది. "మనిద్దరం టోపీవాళ్లం" అంది. రెండు వేళ్లతో టోపీ మీద రెండుసార్లు తట్టడం వాళ్లిద్దరి గుర్తు. చెప్పనని దానర్థం. వరండాలో ఎదురైనప్పుడల్లా అది తట్టేది, ఆయనా తట్టేవాడు. ముచ్చటగా ఉందని సూదక్క కూడా నవ్వేది. కొత్త నాటకానికి నలభై జతల బట్టలు కుట్టే హడావిడిలో ఉన్న మనిషి, తల కడిగి దువ్వే పని బాబాయి చూసుకుంటున్నందుకు ఆయనకు రుణపడి ఉన్నాననేది.

ఇవాళ తొమ్మిది గంటలకి సూదక్క తలుపు తోసుకుని వచ్చింది. ఒక చేత్తో పిల్ల రెక్క పట్టుకుంది, రెండో చేతిలో చిన్న టోపీ ఉంది. పిల్ల కళ్లు ఏడ్చి ఉబ్బాయి.

"బాబాయ్, ఇది చూడండి. తల స్నానం చేయిద్దామని టోపీ తీయబోతే అతుక్కుపోయి ఉంది. తడిపి లాగితే చీము వచ్చింది."

ఆయన చూశాడు. రూపాయి బిళ్లంత మచ్చ అరచేతంత అయింది. మెత్తగా ఉబ్బింది. చీముగుల్లలు లేచాయి. మధ్యలో జుట్టు లేదు. నిన్నటి దాకా మలాం రాసిన చోటు. గత నాలుగు రోజులుగా పిల్ల నొప్పి అంటున్నా, తగ్గే ముందు అలాగే ఉంటుందని తనకి తనే చెప్పుకున్న చోటు.

"ఎప్పుడొచ్చిందమ్మా ఇది?" అని అడిగాడు ఆయన.

తన నోటి నుంచే ఆ ప్రశ్న వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోవడానికి లేదు. పిల్ల తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. అందులో కోపం లేదు. ఇప్పుడు ఏం చెప్పాలో అందిపుచ్చుకుంటున్న చూపు అది.

"నిన్నే" అంది తల్లితో.

పదకొండు గంటలకి డాక్టరమ్మ వచ్చింది. దర్శకుడికి తెలిసినావిడ, చర్మవ్యాధులు చూస్తుంది. వెలుతురు బాగుంటుందని విగ్గుల గదిలోనే కుర్చీ వేయించారు. కిటికీ రెక్కలు బార్లా తెరిచారు. ముందు పిల్లని చూసింది. చేతి దీపం వేసి, భూతద్దం పెట్టి, రెండు విరిగిన వెంట్రుకలు పట్టకారుతో తీసి గాజు పలక మీద ఉంచింది. మెడ వెనక తడిమి, గ్రంథులు వాచాయంది.

"తామరే. తలలో లోతుగా దిగింది. ఎన్నాళ్లయింది పాపా?"

"నిన్నే."

"నిన్న మొదలైంది ఇంత అవదు."

"నేనూ ఇవాళే చూశాను డాక్టరమ్మా" అంది సూదక్క. "దీనికి ఎవరి నుంచి అంటిందో ముందు అది తేల్చండి."

అందరి తలలూ చూస్తానంది డాక్టరమ్మ. వరండాలో వరస కట్టించారు. టోపీ బాబాయి బల్ల దగ్గరే నిలబడి, దువ్విన విగ్గునే మళ్లీ దువ్వుతున్నాడు. ఒక్కొక్కరే వస్తున్నారు, చిలక్కొయ్యకి తగిలించవలసినవి తగిలించి కుర్చీలో కూర్చుంటున్నారు. హీరోకి చుండ్రు అంది. దర్శకుడికి జిడ్డు చుండ్రు, అది పూర్తిగా పోయే రకం కాదు, అదుపులో పెట్టుకోవాలంది. హీరోయిన్‌కి జిగురు పడదంది. "ఇవన్నీ మా బాబాయి ఎప్పుడో చెప్పేశాడు డాక్టరమ్మా. మీకు ఫీజు దండగ" అన్నాడు హాస్యగాడు. అందరూ నవ్వారు. వరండాలోకి పారిపోవడానికి దారి లేదు. వరస అడ్డంగా ఉంది.

"మీరు కూడా రండి" అంది డాక్టరమ్మ చివరికి.

గదిలో అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. నాడా ముడి వేళ్లకి దొరకలేదు. రోజూ చూడకుండా విప్పే ముడి. డాక్టరమ్మే విప్పింది.

టోపీ తీసేసరికి ముందు చల్లగాలి తగిలింది. పగటి వెలుతురులో ఆయన తల చూడటం ఎవరికైనా అదే మొదటిసారి. నుదుటి అంచు దాటి కిందికి దిగిన పొలుసులు, వాటి మధ్య పొద్దుటి గీతల మీద ఎండిన నెత్తురు. ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు. ఆయన కళ్లు నేల మీద పెట్టుకుని, ఇప్పుడే నేల విచ్చుకుంటే బాగుండుననుకున్నాడు. సూదక్క పిల్లని దగ్గరికి లాక్కోవడం ఆయనకు అడుగుల చప్పుడుతోనే తెలిసింది.

డాక్టరమ్మ నింపాదిగా చూసింది. చేతులు చూపించమంది. గోళ్ల మీద సూదితో పొడిచినట్టున్న గుంటలు చూసింది. చొక్కా చేతులు మడిచి మోచేతులు చూసింది. అక్కడా వెండి పొలుసులే.

"ఎన్నాళ్లుగా ఉంది?"

"పద్నాలుగో ఏటి నుంచి."

"డాక్టరుకి చూపించారా?"

"లేదమ్మా."

"ఇది సొరియాసిస్. ఒంట్లోంచి వచ్చేది. ఇది ఎవరికీ అంటదు. ఒకే దిండు మీద పడుకున్నా అంటదు, ఒకే దువ్వెన వాడినా అంటదు. పాపకి వచ్చినదానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు." ఆమె పొద్దుటి గీతల్ని వేలితో చూపించింది. "ఇలా గీకడం ముందు మానెయ్యండి. గీకిన కొద్దీ ఎక్కువవుతుంది. పొలుసు నానడానికి రాత్రి మలాం రాసి, పొద్దున్న తారు కలిసిన షాంపూతో కడగండి. ఎర్రదనానికి ఒక లోషన్ రాసిస్తాను, నేను చెప్పినన్నాళ్లే వాడాలి. పూర్తిగా పోతుందని చెప్పను. ఇలా మాత్రం ఉండదు."

ఎవరికీ అంటదు. ఆ మాట చెవిన పడ్డాక చాలాసేపు ఆయనకు ఇంకేమీ వినిపించలేదు. వరండా చివర చాప గుర్తొచ్చింది. తన చేతిలో బిగుసుకున్న ఒక మణికట్టు గుర్తొచ్చింది. ఎవరికీ అంటని దాన్ని నలభై నాలుగేళ్లు కాపలా కాశాడు.

సూదక్క పిల్లని వదిలి ముందుకొచ్చింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నన్ను క్షమించండి బాబాయ్. ఒక్క క్షణం మిమ్మల్నే అనుకున్నాను. పాపం, ఇన్నేళ్లూ ఎలా పడ్డారో" అంది. హీరో వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. దర్శకుడు గొంతు సవరించుకున్నాడు. ఆ గదిలో ఆయన నిర్దోషి అయిపోయాడు. ఇంకేమీ మాట్లాడకుండా టోపీ పెట్టుకుంటే చాలు, జన్మలో మొదటిసారి అందరి జాలీ, ప్రేమా ఆయనదే.

డాక్టరమ్మ మళ్లీ పిల్ల వైపు తిరిగింది. "అద్దె విగ్గు నుంచి వచ్చిందో, వీధి పిల్లి నుంచి వచ్చిందో ఇప్పుడు చెప్పలేం. మాత్రలు వెయ్యాలి. కానీ నాకు ఒక్కటి తెలియాలి పాపా. ఎన్నాళ్లయింది? ఎవరైనా ఏదైనా రాశారా? ముందే పైపూత పడి ఉంటే మచ్చ రూపు మారిపోతుంది, పరీక్షలో కూడా సరిగ్గా తెలియదు. నిజం చెప్పు."

"ఏమీ రాయలేదు. నిన్నే వచ్చింది" అంది పిల్ల.

అని, డాక్టరమ్మ తల పక్క నుంచి ఆయన వైపు చూసి, టోపీ లేని తన నెత్తి మీద, పుండుకి ఇవతల, రెండు వేళ్లతో రెండుసార్లు తట్టింది. నొప్పికి దాని కింది పెదవి వణికింది. అయినా తట్టింది.

ఆయన లేచి నిలబడ్డాడు.

"మూడు వారాలు డాక్టరమ్మా. ఇరవై రెండు రోజులు. మొదట నేనే చూశాను. తామర అని నాకు తెలుసు. మలాం నేనే రాశాను, ఇదిగో ట్యూబు. ఎవరికీ చెప్పొద్దని దానికి చెప్పింది కూడా నేనే."

"ఎందుకు బాబాయ్?" అంది సూదక్క. చాలా చిన్న గొంతు.

"చెబితే అందరి తలలూ చూస్తారు. నాది కూడా చూస్తారు. అందుకు."

హీరో చెయ్యి ఆయన భుజం మీద నుంచి దిగిపోయింది. డాక్టరమ్మ ట్యూబు తీసుకుని పేరు చదివి, పక్కన పెట్టింది. పైపూత తలలో తామరకి చాలదు, వెంట్రుక వేళ్లలోకి అది దిగదు, మాత్రలే వెయ్యాలి, ఆరు వారాలో ఎనిమిదో. మూడు వారాల కిందట వచ్చి ఉంటే మచ్చ కూడా మిగిలేది కాదు. ఇప్పుడు ఆ మధ్య చోట జుట్టు రావచ్చు, రాకపోవచ్చు. ఇదంతా ఆమె కోపం లేకుండా, మందు వాడే విధానం చెప్పినట్టే చెప్పింది. దువ్వెనలు, లోటోపీలు మందు నీళ్లలో నానబెట్టాలని, పిల్ల టోపీ తగలబెట్టాలని కూడా చెప్పింది. తన దగ్గర పరీక్ష సామాను లేదని, పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది.

మధ్యాహ్నం బస్సుకి తల్లీ కూతురూ బయలుదేరారు. సూదక్క సంచి భుజాన వేసుకుని విగ్గుల గది గుమ్మంలో ఆగింది. లోపలికి రాలేదు. చిన్న టోపీని చెయ్యి చాచి బల్ల అంచున పెట్టింది. తిడుతుందని, తిడితే కాస్త తేలికవుతుందని ఆయన అనుకున్నాడు.

"తలకి వచ్చింది తగ్గుతుందట బాబాయ్" అంది ఆమె. "నా ఎదుటే మూడుసార్లు అబద్ధం చెప్పింది చూడండి, అది ఎప్పుడు తగ్గుతుందో నాకు తెలియడం లేదు."

పిల్ల తల్లి చేతి కింద నుంచి ముఖం పెట్టి చూసింది. తల మీద పలచటి తెల్లగుడ్డ కట్టు ఉంది.

"నేను చెప్పలేదు కదా తాతా?"

"లేదమ్మా. నువ్వు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది, నేను చెప్పనివ్వలేదు. ఇంకెవరైనా దాచమంటే దాచకు. నేను చెప్పినా సరే."

పిల్ల తల ఊపింది. అర్థమై ఊపిందో, పెద్దవాళ్లు చెబితే ఊపాలని ఊపిందో తెలియలేదు. వాళ్ల చెప్పుల చప్పుడు వరండా చివరి దాకా వినిపించి ఆగిపోయింది.

మూడు గంటల ఆటకి యువరాజు వేషం తీసేసి, ఆ మాటలు మంత్రి చేత చెప్పించారు. ఆయన మళ్లీ టోపీ పెట్టుకుని అందరికీ విగ్గులు పెట్టాడు. రోజూ లాగే తలలు వంచారు, రోజూ లాగే పిన్నులు గుచ్చాడు. ఎవరూ మొహం తిప్పుకోలేదు. అంటదని తెలిసింది కాబట్టి ఎవరికీ భయం లేదు. కబుర్లు మాత్రం ఎవరూ చెప్పలేదు. తలలు అప్పగించి, అద్దంలో ఆయన్ని తప్ప మిగతావన్నీ చూశారు. పద్నాలుగో ఏట చేయని తప్పుకి సిగ్గుపడ్డ మనిషికి, ఇప్పుడు చేసిన తప్పుకి సిగ్గుపడటం ఇంకా బరువుగా ఉంది. దీన్ని గీకి పత్రికలో మడవడానికి వీల్లేదు.

ఆట అయ్యాక దువ్వెనలన్నీ మందు నీళ్లలో నానబెట్టి, లోటోపీలు ఉడకబెట్టి, తాడు మీద ఆరేశాడు. అద్దె విగ్గును విడిగా సంచిలో కట్టి చీటీ అతికించాడు. చిన్న టోపీని పొయ్యిలో వేసి, పూర్తిగా కాలేదాకా పక్కనే నిలబడ్డాడు. పొద్దుటి బూడిద మీదే ఆ బూడిదా పడింది. పేనుదువ్వెనను రెండు చేతులతో వంచి విరవబోయాడు. ఇనుము, వంగలేదు. చెత్త డబ్బాలో వేశాడు.

ఆరు గంటలకి, ఇంకా వెలుగుండగానే, గది తాళంచెవి తీసుకెళ్లి దర్శకుడి బల్ల మీద పెట్టాడు.

"ఎవరూ మిమ్మల్ని పొమ్మనలేదుగా బాబాయ్" అన్నాడు దర్శకుడు. బొట్టనవేలితో ముక్కు పక్క పొట్టు గీక్కుంటున్నాడు.

"లేదు సార్. ఎవరూ అనలేదు."

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

ఆయన చొక్కా జేబులో ఉన్న మందుల చీటీని ఒకసారి తడుముకున్నాడు. "హీరోయిన్‌గారికి జిగురు వద్దు, పిన్నులే. కొత్తవాళ్లు వస్తే ఆ మాట చెప్పండి" అన్నాడు. దర్శకుడు ఆయన తల వైపు చూసి, వెంటనే చూపు పక్కకి తిప్పుకున్నాడు.

గేటు దగ్గర ఊడ్చే ఆమె ఎవరో ముసలాయన వెళ్తున్నాడనుకుంది. చేతిసంచి, వంగిన వీపు, పొలుసుల తల. ఆయన రోడ్డు దాటి బస్టాండు వైపు తిరిగాక గాని నడకను బట్టి పోల్చుకోలేకపోయింది. పిలుద్దామనుకుని, ఏమని పిలవాలో తోచక ఊరుకుంది.

మర్నాడు పొద్దున్న గది తెరిచినప్పుడు ఇరవై ఒక్క చెక్క తలలు దువ్విన జుట్టుతో, చివరి చిన్న తల బోడిగా, వరసగా ఉన్నాయి. ఉతికిన లోటోపీలు రంగు దారాల వరసన మడతపెట్టి ఉన్నాయి. తలుపు పక్కన పన్నెండో చిలక్కొయ్యకి, వెలిసిన బొమ్మ కింద, నీలం టోపీ ఒకటి వేలాడుతోంది. దాని లోపలి వైపు బయటికి తిప్పి ఉంది. నూనె పీల్చి నల్లబడిన అస్తరు మీద రెండు మూడు పొలుసులు ఇంకా అంటుకునే ఉన్నాయి.